కంప్యూటర్ బాగానే ఉంది.. బ్రౌజరే ఎక్కట్లేదు! 32 బిట్ మిషన్లకు సాఫ్ట్‌వేర్ ఎందుకు ఆగిపోతోంది? బొగ్గుబాయిల ఊళ్లలో ఎవరికి ఎఫెక్ట్?

గోదావరిఖని: పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది. స్క్రీన్ వెలుగుతుంది. కీబోర్డు, మౌస్ అన్నీ ఓకే. కానీ సింగరేణి ఉద్యోగ నోటిఫికేషన్‌కు అప్లై చేద్దామని సైట్ తెరిస్తే పేజీ సగం లోడై ఆగిపోతుంది. కొత్త బ్రౌజర్ వేద్దామంటే ఈ కంప్యూటర్‌కు సపోర్ట్ లేదని మెసేజ్ వస్తుంది. "అన్నా, ఈ సిస్టమ్ల సైట్ ఓపెన్ అయితలేదు" అని నెట్ సెంటర్‌లో పిల్లలు అనేది ఇలాంటప్పుడే. కొందరు వైరస్ అనుకుంటారు. కొందరు ర్యామ్ సరిపోలేదని రిపేర్ షాపుకు మోసుకెళ్తారు.

చాలా సందర్భాల్లో ఆ మిషన్ పాడవ్వలేదు. ఆ రకం మిషన్‌కు సరిపడేలా ప్రోగ్రామ్ తయారుచేసే పనిని ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల ఆపేశారు. ఈ సంగతి మిషన్ ఓనర్‌కు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఒక్క ఏడాదిలో మూడు దెబ్బలు

2025లో వరుసగా మూడు నిర్ణయాలు అమల్లోకి వచ్చాయి. ఆగస్టు 9న డెబియన్ 13 విడుదలైంది. డెబియన్ అంటే ప్రపంచవ్యాప్తంగా వాలంటీర్లు నడిపే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. ఐ386 అని పిలిచే 32 బిట్ ఇంటెల్ రకం కంప్యూటర్లకు ఇందులో ఇన్‌స్టాలర్ లేదు, కెర్నల్ లేదు. ఆ రకం ప్యాకేజీలు మిగిలాయి గానీ, అవి 64 బిట్ ప్రాసెసర్ మీద పాత 32 బిట్ ప్రోగ్రాములు నడుపుకోవడానికి మాత్రమే. 32 బిట్ సిస్టమ్ వాడేవాళ్లు 13కు అప్‌గ్రేడ్ కావొద్దని, ప్రాసెసర్ ఒప్పుకుంటే 64 బిట్ వెర్షన్ కొత్తగా వేసుకోవాలని, లేదంటే హార్డ్‌వేర్‌ను రిటైర్ చేయాలని విడుదల నోట్స్‌లోనే రాశారు.

అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ముగిసింది. 32 బిట్‌లో దొరికిన చివరి విండోస్ అదే. విండోస్ 11లో 32 బిట్ ఎడిషన్ అసలు లేనే లేదు. అదే రోజు వచ్చిన ఫైర్‌ఫాక్స్ 144 వెర్షనే 32 బిట్ లినక్స్‌కు ఆఖరిది. దీర్ఘకాలిక సపోర్ట్ ఉన్న 140 వెర్షన్‌కు మాత్రం కనీసం 2026 సెప్టెంబర్ దాకా భద్రతా సవరణలు ఇస్తామని మొజిల్లా చెప్పింది. గూగుల్ క్రోమ్ అయితే 32 బిట్ లినక్స్‌ను 2016లోనే వదిలేసింది.

ఈ డెబియన్ గోల మనకెందుకు అనుకోవద్దు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌కు ఆధారం డెబియనే. తెలుగులో మెనూలతో వచ్చిన స్వేచ్ఛ ఆపరేటింగ్ సిస్టమ్ కూడా దాని మీద కట్టిందే. పైన కాలువ బంద్ చేస్తే కింది చెరువుకు నీళ్లు రావు కదా.

అసలు కంపైల్ అంటే ఏంటి?

సింగరేణి వర్క్‌షాపుల్లో పనిచేసినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. సోర్స్ కోడ్ ఒక డ్రాయింగ్ లాంటిది. డ్రాయింగ్‌ను నేరుగా మిషన్‌కు బిగించలేం. దాన్ని చూసి పార్టు చేయాలి. ఏ మిషన్‌కు బిగిస్తామో దాని కొలతకే చేయాలి. ప్రాసెసర్లూ అంతే. ఒక్కోదానికి ఒక్కో ఆదేశాల జాబితా ఉంటుంది. కోడ్‌ను ఆ ఆదేశాల్లోకి మార్చే పనే కంపైల్. ఇంటెల్ 64 బిట్‌కు చేసిన ప్యాకేజీ 32 బిట్ పెంటియమ్ మీద నడవదు, ఫోన్‌లోని ఆర్మ్ చిప్ మీద అస్సలు నడవదు.

డెబియన్ లాంటి ప్రాజెక్టులో వేల కొద్దీ ప్యాకేజీలను ప్రతి ప్రాసెసర్ రకానికీ విడివిడిగా కంపైల్ చేస్తారు. అందుకు ప్రత్యేకంగా బిల్డ్ మిషన్లు ఉంటాయి. ఒక ప్యాకేజీ ఒక రకం మీద కంపైల్ కాకపోతే దానిపై బగ్ రిపోర్ట్ పడుతుంది. ఎవరో ఒకరు కూర్చుని సరిచేయాలి. చేయకపోతే ఆ ప్యాకేజీ ఆ రకానికి రాదు. దాని మీద ఆధారపడ్డ పది ప్యాకేజీలూ ఆగుతాయి.

మరి నిన్నటిదాకా కంపైల్ అయిన కోడ్ ఇవాళ ఎందుకు ఫెయిల్ అవుతోంది?

మొదటి కారణం మెమరీ. 32 బిట్ ప్రోగ్రామ్ ఒకటి గుర్తుపట్టగలిగే అడ్రసులు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. అంటే 4 జీబీ. మీరు ఎంత ర్యామ్ పెట్టినా ఒక ప్రోగ్రామ్‌కు దొరికే చోటు అంతకు మించదు. ఇప్పటి బ్రౌజర్ ఎంత పెద్దదంటే, దాని ముక్కలన్నీ కలిపి చివరి ఫైల్‌గా అతికించే దశలో ఆ 4 జీబీ చాలదు. అంటే 32 బిట్ మిషన్ తన సొంత బ్రౌజర్‌ను తానే తయారుచేసుకోలేని స్థితికి వచ్చింది! 64 బిట్ మిషన్ మీద కూర్చుని 32 బిట్‌కు తయారుచేయొచ్చు. అది అదనపు పని, అదనపు టెస్టింగ్.

రెండోది భాష మారడం. చాలా ఏళ్లు సిస్టమ్ ప్రోగ్రాములన్నీ సీ భాషలో ఉండేవి. సీ కంపైలర్ దొరకని చిప్ దాదాపు లేదు. ఇప్పుడు భద్రత కోసం రస్ట్ అనే భాషకు మారుతున్నారు. 2021 ఫిబ్రవరిలో పైథాన్‌లో అందరూ వాడే క్రిప్టోగ్రఫీ అనే ప్యాకేజీ 3.4 వెర్షన్ నుంచి రస్ట్ తప్పనిసరి చేసింది. రస్ట్ కంపైలర్ లేని పాత చిప్‌లు వాడేవాళ్లకు అప్‌డేట్ రాగానే ఎర్రర్లే ఎర్రర్లు. పెద్ద గొడవే అయింది. 2025 అక్టోబర్ 31న డెబియన్‌లో ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ఏపీటీ ప్రోగ్రామ్‌కు కూడా రస్ట్ తప్పనిసరి చేస్తామని, 2026 మే కంటే ముందు మాత్రం కాదని దాన్ని చూసుకునే డెవలపర్ ప్రకటించారు. దీంతో ఆల్ఫా, హెచ్‌పీపీఏ లాంటి పాత రకాలు చిక్కుల్లో పడ్డాయి. ఇంటెల్ 32 బిట్‌కు రస్ట్ ఉంది కాబట్టి మన డెస్క్‌టాప్‌లకు ఈ దెబ్బ నేరుగా తగలదు. కానీ గాలి ఎటు వీస్తోందో తెలుస్తోంది.

ఇంకో విచిత్రం లెక్కల్లో ఉంది. పాత పెంటియమ్ తరం చిప్‌లు దశాంశ లెక్కలను లోపల 80 బిట్ల కచ్చితత్వంతో చేస్తాయి. కొత్తవి 64 బిట్లతో. ఒకే లెక్కకు చివరి అంకెలో చిన్న తేడా వస్తుంది. తప్పు కాదు, వేరే పద్ధతి. కానీ కంపైల్ తర్వాత నడిపే టెస్టులో జవాబు అంకెకు అంకె కలవకపోతే ఫెయిలే. ఇలా ఆగే ప్యాకేజీలు కూడా ఉన్నాయి.

తేదీల లెక్క మరీ చిక్కు. పాత పద్ధతిలో టైమ్‌ను 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెట్టి 32 బిట్ల గడిలో దాస్తారు. 2038 జనవరి 19న మన టైమ్ ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఆ గడి నిండిపోతుంది. ఉదయం షిఫ్ట్ నడుస్తుండగానే అన్నమాట. మరుసటి సెకనుకు అలాంటి సిస్టమ్‌లో తేదీ 1901కి పోతుంది. డెబియన్ ఈ సమస్యను 32 బిట్ ఆర్మ్ చిప్‌లకు 13లోనే సరిచేసింది. ఐ386ను మాత్రం కావాలనే అలాగే వదిలేసింది. కారణం సింపుల్. అది పాత ప్రోగ్రాములు నడపడానికే కదా, మారిస్తే ఆ పాతవే నడవవు.

చిప్ చస్తుందా, మనుషులు వదిలేస్తారా?

1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టింది ఇంటెల్ 386 కంప్యూటర్ మీదే. ఆ 386 సపోర్ట్‌ను లినక్స్ 2012 డిసెంబర్‌లో తీసేసింది. పుట్టిన ఇంటికే తాళం పడింది. 2025లో 486ను కూడా తీసేయాలని ప్యాచ్‌లు వచ్చాయి. అంతకన్నా దగ్గరి ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే ఉంది. ఈసీఐఎల్ 1970ల్లో టీడీసీ సిరీస్ కంప్యూటర్లు తయారుచేసి దేశమంతా ఇచ్చింది. టీడీసీ-12లో పదం నిడివి 12 బిట్లు, టీడీసీ-316లో 16 బిట్లు. వాటికి ఇవాళ ఎవరూ ఏదీ కంపైల్ చేయట్లేదు.

అయితే ఇక్కడే తమాషా. 1979 నాటి మోటరోలా 68000 కుటుంబం చిప్‌లకు ఇప్పటికీ డెబియన్ ప్యాకేజీలు తయారవుతున్నాయి. డెబియన్ పోర్ట్స్ అనే అనధికార విభాగంలో కొద్దిమంది అభిమానులు ఆ పని చేస్తున్నారు. రస్ట్ భాషను కూడా దాని మీదికి తెచ్చుకున్నారు. అంటే కోట్లలో అమ్ముడుపోయిన ఐ386కు ఇన్‌స్టాలర్ లేదు, కొద్దిమంది వాడే 68000 మాత్రం బతికే ఉంది. తేడా చిప్‌లో లేదు. ఎర్రర్ వస్తే రాత్రి కూర్చుని సరిచేసే మనిషి ఉన్నాడా లేడా అన్నదే తేడా. 32 బిట్ పీసీ వాడేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, వాళ్లు కంపైలర్లు రాసేవాళ్లు కాదు. వాళ్లు నెట్ సెంటర్లు, డీటీపీ షాపులు, స్కూళ్లు, డిగ్రీ పిల్లలు. ఆ మెయిలింగ్ లిస్టుల్లో వాళ్ల గొంతు వినపడదు.

అలాగని వాలంటీర్లను తిట్టడం కరెక్ట్ కాదు. జీతం లేకుండా చేసే పని అది. టెస్ట్ చేయడానికి పాత మిషన్ కూడా దొరకనప్పుడు, సరిగా నడుస్తుందో లేదో తెలియని ప్యాకేజీని భద్రమని చెప్పి ఇవ్వడమే పెద్ద మోసం.

ఖనిలో ఎవరికి ఎఫెక్ట్?

గని యంత్రాల కంట్రోలర్ల సంగతి వేరు. సాధారణంగా అలాంటివి వేసిన సాఫ్ట్‌వేర్‌తోనే ఏళ్లకేళ్లు నడుస్తాయి, వాటికి బ్రౌజర్ అప్‌డేట్‌తో పనిలేదు. దెబ్బ తగిలేది క్వార్టర్లలో, షాపుల్లో.

సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ దారి అందరికీ తెలిసిందే. హైదరాబాద్‌లో ఆఫీసులు సిస్టమ్స్ మార్చినప్పుడు పాతవి లాట్లుగా బయటికొస్తాయి. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ సీటీసీకి పోతే నాలుగైదు వేలల్లోనూ సిస్టమ్ దొరకొచ్చు. కొడుకు ఇంటర్ అయిపోయింది, ఎప్‌సెట్ ప్రిపరేషన్, ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంటే బాగుండు అనుకునే కార్మికుడు కొనేది అదే. అమ్మేవాడు ర్యామ్ చెప్తాడు, హార్డ్ డిస్క్ చెప్తాడు. ఎన్ని బిట్లు అనేది ఎవరు అడుగుతారు?

డీటీపీ షాపుల కథ ఇంకా గమ్మత్తు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసే చాలా తెలుగు షాపుల్లో పేజ్‌మేకర్, దాని పక్కన అను ఫాంట్స్ ఉంటాయి. అడోబ్ పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. తర్వాత కొత్త వెర్షన్ లేదు. పాత ఫైళ్లన్నీ అందులోనే ఉంటాయి, చేతులు ఆ కీబోర్డుకే అలవాటు పడి ఉంటాయి. అందుకే ఎక్స్‌పీ, విండోస్ 7 ఉన్న 32 బిట్ సిస్టమ్‌ను కదిలించరు. తప్పులేదు, దాని పని అది చేస్తోంది. ప్రమాదం ఎక్కడంటే, అదే సిస్టమ్‌లో వాట్సాప్ వెబ్, మెయిల్, బ్యాంకు కూడా తెరవడం. విండోస్ 7కు క్రోమ్ ఆఖరి వెర్షన్ 109, అది 2023 జనవరిలో వచ్చింది. ఆ తర్వాత బయటపడ్డ రంధ్రాలన్నీ అందులో తెరుచుకునే ఉన్నాయి.

ఒక్క నిమిషం.. మీ చిప్ నిజంగా 32 బిట్టేనా?

ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువమందికి పనికొచ్చే సంగతి ఇదే. ఇంట్లో "32 బిట్ కంప్యూటర్" అనుకుంటున్న వాటిలో చాలా వాటి ప్రాసెసర్ 64 బిట్టే అయ్యుండొచ్చు. 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో నుంచి ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్ చిప్‌లు 64 బిట్‌వే. ఏఎండీ అయితే 2003లోనే ఆథ్లాన్ 64తో మొదలుపెట్టింది. కానీ అప్పట్లో 1 జీబీ, 2 జీబీ ర్యామ్ ఉండేది కాబట్టి, డ్రైవర్లు దొరకవేమోనని, షాపులో 32 బిట్ విండోసే వేసి ఇచ్చేవాళ్లు. సిస్టమ్ అప్పటి నుంచి సగం బలంతోనే నడుస్తోంది!

చెక్ చేయడం ఈజీ. విండోస్ 10లో సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌కు వెళ్లండి. సిస్టమ్ టైప్ అనే చోట "32-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64-బేస్డ్ ప్రాసెసర్" అని ఉంటే మీకు లక్ తగిలినట్టే. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసి, 64 బిట్ లినక్స్ వేస్తే డెబియన్ 13 వస్తుంది, కొత్త ఫైర్‌ఫాక్స్ వస్తుంది. 4 జీబీ ర్యామ్, చిన్న ఎస్‌ఎస్‌డీ పెడితే చదువుకు, అప్లికేషన్లకు చాలు.

పేర్లతో మోసపోవద్దు. కోర్ 2 డ్యుయో 64 బిట్, కానీ అదే 2006లో కాస్త ముందొచ్చిన కోర్ డ్యుయో 32 బిట్ మాత్రమే. 2008 ప్రాంతంలో చిన్న నెట్‌బుక్‌లలో వచ్చిన ఆటమ్ ఎన్270 కూడా 32 బిట్టే. పెంటియమ్ 4లో రెండు రకాలూ ఉన్నాయి.

64 బిట్ ఉందని నిశ్చింతగా ఉండొచ్చా అంటే అదీ లేదు. ఇప్పుడు 64 బిట్‌లోనే మెట్లు వచ్చాయి. రెడ్ హ్యాట్ 9 వెర్షన్ (2022) రెండో మెట్టు చిప్‌లు అడిగింది. 2025లో వచ్చిన 10 వెర్షన్ మూడో మెట్టు అడిగింది. అంటే దాదాపు 2013 తర్వాతి కోర్ సిరీస్ కావాలి. విండోస్ 11లో 2024 అప్‌డేట్ నుంచి కోర్ 2 డ్యుయో మీద బూట్ కూడా కాదు. అయితే రెడ్ హ్యాట్ కోడ్‌ను అనుసరించి తయారయ్యే ఆల్మాలినక్స్ 10కు మాత్రం రెండో మెట్టు చిప్‌ల కోసం విడిగా ఇంకో బిల్డ్ ఇస్తున్నారు. కోడ్ అదే, కొలత మార్చి మళ్లీ కంపైల్ చేశారు. మనసుంటే ఇలా కూడా కుదురుతుంది.

మరి ఫోన్లు? అక్కడా ఇదే నడుస్తోంది. 2019 ఆగస్టు నుంచి గూగుల్ ప్లేలో యాప్‌లకు 64 బిట్ వెర్షన్ తప్పనిసరి. 2022లో వచ్చిన పిక్సెల్ 7 ఫోన్లలో 32 బిట్ యాప్‌లు అసలు నడవవు. ఇంకోవైపు తక్కువ ర్యామ్ ఫోన్లలో 64 బిట్ చిప్ పెట్టి కూడా 32 బిట్ ఆండ్రాయిడ్ వేసి అమ్మిన సందర్భాలున్నాయి. "మీ డివైస్‌కు ఈ యాప్ సరిపోదు" అనే మెసేజ్ వెనుక ఉండే కారణాల్లో ఇదొకటి.

బీ థర్మల్‌కు చెప్పినట్టు మనకూ చెప్పాలి కదా

రామగుండంలో 1971 నుంచి నడిచిన 62.5 మెగావాట్ల బీ థర్మల్ కేంద్రాన్ని 2024లో మూసేశారు. పాత మిషన్ ఎప్పటికైనా ఆగాల్సిందే, దాని మీద పేచీ లేదు. కానీ అది ఆగినప్పుడు ఊరంతా మాట్లాడింది. ఉద్యోగుల సంగతేంటి, దాని స్థానంలో ఏం వస్తుంది అని లీడర్లను అడిగారు. కంప్యూటర్ విషయంలో అదేమీ లేదు. విడుదల నోట్స్‌లో నాలుగు లైన్లు ఇంగ్లిష్‌లో ఉంటాయి. ఇక్కడ సర్కారు బడిలో, లైబ్రరీలో, క్వార్టర్‌లో ఉన్న సిస్టమ్ ఆ రోజు నుంచి వెనకబడటం మొదలవుతుంది. ఇంకోవైపు నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్‌లు, హాల్ టికెట్లు అన్నీ ఆన్‌లైన్‌కే పోయాయి. అప్లికేషన్‌కు ఆఖరి రోజు సాయంత్రం పేజీ తెరుచుకోకపోతే పోయేది ఆ పిల్లాడి ఏడాది.

ఇందులో పెద్ద ఖర్చు కూడా లేదు. సెంటినరీ కాలనీ దగ్గర జేఎన్‌టీయూ మంథని ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. కార్మిక కుటుంబాల యువతకు శిక్షణ ఇచ్చే సింగరేణి సేవా సమితి ఉంది. కాలేజీ పిల్లలు పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని బడులు, కమ్యూనిటీ హాళ్లలో ఒక్కో సిస్టమ్ చూస్తే, ఏది 64 బిట్‌కు మారుతుందో, ఏది మారదో రెండు మూడు ఆదివారాల్లో లిస్ట్ తయారవుతుంది. ఆఫీసులు పాత సిస్టమ్స్ వేలం వేసేటప్పుడు ప్రాసెసర్ పేరు, బిట్లు లిస్టులో రాస్తే కొనేవాడు మోసపోడు. ఇది ఒక కాలమ్ అదనంగా టైప్ చేసే పని. ఎందుకు చేయరో తెలీదు.

నిజంగానే 32 బిట్ చిప్ ఉన్నవాళ్లకు దారి పూర్తిగా మూసుకుపోలేదు. డెబియన్ 12 ఇప్పటికీ ఆ మిషన్ల మీద ఇన్‌స్టాల్ అవుతుంది. 2023 జూన్‌లో విడుదలైన ఆ వెర్షన్‌కు రెగ్యులర్ భద్రతా సవరణలు మూడేళ్లు, అంటే 2026 జూన్ దాకా. ఆర్చ్ లినక్స్ 2017లో 32 బిట్‌ను వదిలేస్తే, దాన్ని ఆర్చ్ లినక్స్ 32 పేరుతో వేరే వాలంటీర్లు పట్టుకుని నడుపుతున్నారు. టైపింగ్ నేర్చుకోవడానికి, పేజ్‌మేకర్‌కు, పాత పాటలు వినడానికి నెట్ తీసేసి ఆ సిస్టమ్ వాడుకోవచ్చు. ఓటీపీ, బ్యాంకు, ఉద్యోగ అప్లికేషన్ మాత్రం దాని మీద వద్దు. ఆ పనులకు పక్కింటి 64 బిట్ సిస్టమో, చేతిలో ఉన్న ఫోనో నయం.